కిడ్నీ రోగి కంచంలో ఏం పెట్టాలో మన తిండి పేర్లతో చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

నాది దేవరకొండలో చిన్న కిరాణా దుకాణం. ఈ మధ్య మీ ఆరోగ్యం పేజీలో శాకాహారం కిడ్నీలకు మేలు చేస్తుందని రాశారు. తప్పు రాశారని నేను అనను, అది నిజమేనని ఏడాదిన్నరగా మా ఇంట్లో కళ్లారా చూస్తున్నాను. కానీ ఆ వ్యాసం చదివి మా వీధిలో ఒకాయన, వారానికి 3 సార్లు డయాలసిస్ చేయించుకునే మనిషి, మర్నాడు పొద్దున్నే నా దుకాణం ముందు నిలబడి "అన్నా, ఇగ గుడ్డు బంద్ పెట్టిన, పొద్దుగాల పాలకూర రసం తాగుతున్న" అన్నాడు. నాకు గుండె గుభేలుమంది. అందుకే ఈ ఉత్తరం. పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

మా అమ్మకు 62 ఏళ్లు. పుట్టిల్లు మర్రిగూడ మండలం. ఆ మాట చెప్తే నల్గొండ జిల్లా వాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి, నలభై దాటకముందే నడుము, మోకాళ్లు పట్టేశాయి. నొప్పికి గోలీ వేసుకునేది, తగ్గితే పొలానికి పోయేది, సాయంత్రానికి మళ్లీ నొప్పి, మళ్లీ గోలీ. ఇరవై ఏళ్లు అలాగే గడిచింది. నొప్పి గోలీలు రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతింటాయని మాకు ఒక్కరూ చెప్పలేదు. పైన బీపీ. పోయిన ఏడు కాళ్లు వాచి, ముఖం ఉబ్బి, హైదరాబాద్ తీసుకుపోతే క్రియాటినిన్ 2.2, ఈజీఎఫ్ఆర్ 24 అని వచ్చింది. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి తీసేయాల్సిన మలినం, ఈజీఎఫ్ఆర్ అంటే కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే లెక్క. నాలుగో స్టేజీ అన్నారు. స్టేజీలు మొత్తం ఐదు, ఈజీఎఫ్ఆర్ 15 నుంచి 29 మధ్య ఉంటే నాలుగోది, 15 లోపు పడితే ఐదోది. మామూలుగా ఐదో స్టేజీలోనే డయాలసిస్ అవసరం పడుతుంది. అంటే మా అమ్మ అంచు మీద ఉంది, జాగ్రత్తగా ఉంటే ఆ అంచు మీదే చాలా ఏళ్లు నడవొచ్చు అని డాక్టర్ చెప్పారు.

డాక్టర్ మంచి మనిషే, కానీ బయట ఎనభై మంది కూర్చుని ఉన్నారు. తిండి సంగతి అడిగితే నర్సు ఒక కాగితం చేతిలో పెట్టింది. మొత్తం ఇంగ్లిష్. అవకాడో వద్దు, కివీ వద్దు, బ్రకోలీ వద్దు అని ఉంది అందులో. మా అమ్మ పుట్టి బుద్ధెరిగాక అవకాడోని చూసింది లేదు. పుంటికూర (గోంగూర) సంగతి లేదు, పచ్చిపులుసు సంగతి లేదు, జొన్న రొట్టె, గట్క, బొబ్బెర్లు, కట్టు చారు, తొక్కు, వీటిలో ఒక్కదాని పేరు లేదు. కింద మాత్రం పెద్ద అక్షరాల్లో పప్పులు వద్దు, పండ్లు వద్దు, ఆకుకూరలు వద్దు, కొబ్బరి వద్దు. బస్సులో నేను ఒక్కొక్కటీ చదివి చెప్తుంటే అమ్మ కాసేపు విని, "అన్నీ వద్దంటే ఇగ ఏం తినాలె బిడ్డా, మన్ను తినాల్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

రెండు నెలలు తెల్లన్నం, పలుచటి మజ్జిగ, కట్టు చారు, ఉప్పు తక్కువ వేసిన ఆనిగెపుకాయ (సొరకాయ) కూర. అంతే. 58 కిలోల మనిషి 53కి వచ్చింది. లేస్తే తల తిరిగేది. ఒంట్లో కండ కరిగిపోవడం కూడా కిడ్నీ రోగికి ప్రమాదమేనని అప్పుడు మాకు తెలియదు, మేం కాగితం చెప్పినట్టు చేస్తున్నాం అనుకున్నాం.

ఆ తర్వాత ఉప్పు సంగతి. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. ఉప్పు తగ్గించమన్నారు కదా, సప్పిడి తిండి అమ్మ తినలేకపోతోంది కదా అని, మా దుకాణంలోనే అర మీద ఉన్న సోడియం తక్కువ ఉండే ఉప్పు ప్యాకెట్ ఇంటికి తీసుకుపోయాను. బీపీ ఉన్నవాళ్లకు మంచిదని ప్యాకెట్ మీద పెద్దగా ఉంది. అమ్మ సంతోషంగా తినింది, కూరకు రుచి వచ్చిందంది. ఇరవై రోజులకు కాళ్లు తీపులు, నీరసం, గుండెలో ఏదో కొట్టుకుంటున్నట్టుందంది. రక్త పరీక్ష చేయిస్తే పొటాషియం 6.1. 3.5 నుంచి 5 మధ్య ఉండాల్సింది. వెంటనే ఆస్పత్రిలో పెట్టారు, ఈసీజీ తీశారు, రెండు రోజులు ఉంచారు. పొటాషియం అలా పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చని అక్కడ చెప్పారు.

ఏం తిన్నారు, ఏం తాగారు అని అడిగారు. మేం పండ్లు పెట్టలేదు, కొబ్బరి నీళ్లు పెట్టలేదు. మా చిన్నమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది, ఇంటికి వచ్చి వంటింట్లో ఒక్కో డబ్బా తీసి చూసి, ఆ ఉప్పు ప్యాకెట్‌ను వెలుతురుకు పట్టుకుని వెనక వైపు చీమ తలంత అక్షరాలు చదివింది. పొటాషియం క్లోరైడ్. సోడియం తీసేసిన చోట వాళ్లు కలిపేది అదే. పొటాషియం క్లోరైడ్ బరువులో సగం పొటాషియమే. వందకు 30 పాళ్లు అది కలిపిన ఉప్పు రోజుకు 5 గ్రాములు తింటే దాదాపు 780 మిల్లీగ్రాముల పొటాషియం, ఇంచుమించు ఒక కొబ్బరి బోండాం తాగినంత. కిడ్నీలు బాగున్నవాళ్లు దాన్ని బయటికి పంపేస్తారు, వాళ్లకు ఆ ఉప్పు మంచిదే కావచ్చు. మా అమ్మ కిడ్నీలు పంపలేవు. పైగా ఆమె బీపీకి వేసుకునే టెల్మిసార్టన్ గోలీ కూడా పొటాషియాన్ని కొంత ఆపుతుందట. గోలీ మానకూడదు, అది కిడ్నీని కాపాడేదే, ఉప్పే మార్చాలి. ఇప్పుడు ఆ ప్యాకెట్ ఎవరు అడిగినా ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఉన్నారా అని అడగకుండా ఇవ్వను. కొందరు చిరాకు పడతారు. పడనీ.

అక్కడి నుంచి మేం తిండి గురించి నిజంగా నేర్చుకోవడం మొదలుపెట్టాం. మా అమ్మాయి చదివి చెప్తుంది, నేను తూకం వేస్తాను. తూకం నాకు అలవాటైన పని. కిడ్నీ వైద్యుల అంతర్జాతీయ సంస్థ కేడీఐజీఓ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది, కిడ్నీ రోగులు రకరకాల మంచి తిండి తినాలని, మాంసాహారం కంటే మొక్కల నుంచి వచ్చేది ఎక్కువ ఉండాలని, ఫ్యాక్టరీలో తయారైన ప్యాకెట్ తిండి తగ్గించాలని. 3 నుంచి 5 స్టేజీల్లో ఉండి డయాలసిస్ లేనివాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల ప్రోటీన్. అమ్మ ఇప్పుడు 55 కిలోలు, అంటే 44 గ్రాములు. లెక్క చూడండి. 200 గ్రాముల బియ్యంలో దాదాపు 15 గ్రాములు, 50 గ్రాముల కందిపప్పులో 11, రెండు జొన్న రొట్టెలకు 100 గ్రాముల పిండి అనుకుంటే అందులో 10, చిన్న గిన్నెడు పెరుగులో 5, కూరగాయల్లో 3. మొత్తం సరిగ్గా సరిపోయింది! పప్పన్నం, రొట్టె, పెరుగు. మా నాయనమ్మ తిన్న తిండే. బియ్యంలో తక్కువైనది పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైనది బియ్యంలో ఉంటుంది, రెండూ కలిస్తే ప్రోటీన్ నిండుగా అవుతుంది. మరి పప్పులు వద్దు అని కాగితం మీద ఎవరు రాశారో, ఎందుకు రాశారో నాకు అర్థం కాలేదు.

పప్పులో ఫాస్ఫరస్ ఉంటుందని వద్దన్నారట, పాత లెక్క అది. ఫాస్ఫరస్ పెరిగితే ఎముకలు గుల్లబారతాయి, ఒళ్లంతా దురద, అది నిజం. కానీ పప్పుల్లో, జొన్నల్లో ఉన్న ఫాస్ఫరస్ ఎక్కువ భాగం ఫైటేట్ అనే రూపంలో ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైమ్ మనిషి పేగుల్లో దాదాపు లేదు, కాబట్టి అందులో సగం కూడా ఒంటికి పట్టదు. మాంసంలోది, పాలలోది అంతకంటే ఎక్కువ పడుతుంది. అన్నిటికంటే ఎక్కువ పట్టేది ప్యాకెట్ తిండిలో, నల్లటి కూల్‌డ్రింకుల్లో కలిపే ఫాస్ఫేట్, దాదాపు మొత్తం రక్తంలోకి పోతుంది. పప్పు మానేసిన కిడ్నీ రోగులు నా దుకాణంలో బిస్కెట్ ప్యాకెట్, కూల్‌డ్రింక్ సీసా కొనుక్కుపోవడం నేను ఎన్నిసార్లు చూశానో. మా గల్లాపెట్టె నిండేది వాటితోనే, అయినా చెప్తున్నాను.

ఇంకో సంగతి యాసిడ్. మాంసం, గుడ్లు అరిగాక ఒంట్లో యాసిడ్ మిగులుతుంది, మామూలుగా కిడ్నీలు దాన్ని బయట పడేస్తాయి, కిడ్నీలు నీరసిస్తే రక్తంలో పేరుకుని కండను, ఎముకను తినేస్తుంది. అందుకే డాక్టర్లు సోడా గోలీలు (సోడియం బైకార్బొనేట్) రాస్తారు. పండ్లు, కూరగాయలు దీనికి విరుగుడు. 2013లో టెక్సాస్ డాక్టర్లు అచ్చు వేసిన పరిశోధన ఒకటి మా అమ్మాయి చూపించింది, నాలుగో స్టేజీలో ఉన్న 71 మందిలో కొందరికి ఏడాది పాటు సోడా గోలీలు, మిగతావాళ్లకు పండ్లు, కూరగాయలు ఇచ్చారు, రెండు గుంపుల్లోనూ యాసిడ్ తగ్గింది. అయితే వాళ్లు ఎవరిని పడితే వాళ్లను తీసుకోలేదు, పొటాషియం పెరిగే భయం తక్కువ ఉన్నవాళ్లనే ఎంచుకున్నారు. మీ వ్యాసంలో రాయాల్సింది, రాయనిది ఈ ఒక్క ముక్కే. రక్తంలో పొటాషియం ఎంతుందో చూడకుండా ఎవరికీ పండ్లు తినండి అని గానీ మానండి అని గానీ చెప్పకూడదు.

మరి మన వంటలో పొటాషియం ఎక్కడ దాక్కుంటుందో చెప్తాను, ఇది ఏ కాగితంలోనూ లేదు. కట్టు చారు. పప్పు ఉడికించి పైన తేలిన నీళ్లు వంచి, చింతపండు పిండి, పోపు పెట్టి చేస్తాం కదా, పప్పు వద్దన్నారని మా ఇంట్లో ఆ రెండు నెలలూ పప్పు మేం తిని, కట్టు అమ్మకు పోశాం. తేలికగా ఉంటుందని! పొటాషియం నీళ్లలో కరిగిపోతుంది. పప్పు ఉడికినప్పుడు అది దిగేది ఆ కట్టులోకే, పైన చింతపండు ఇంకొంత కలుపుతుంది. అంటే మంచి ప్రోటీన్ మేం తిని, ఆమెకు పడనిది ఆమెకు పోశాం. ఇప్పుడు రివర్స్. పప్పు రాత్రే నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లూ వంచేసి, చిక్కటి పప్పు అమ్మకు. కూరగాయ కూడా అంతే, ఆలుగడ్డ అయితే మరీ, చిన్న ముక్కలు కోసి, గిన్నె నిండా నీళ్లు పోసి ఉడికించి, ఆ నీళ్లు పెరట్లో నిమ్మ చెట్టుకు. కుక్కర్‌లో చెంచాడు నీళ్లతో ఉడికిస్తే పొటాషియం ఎక్కడికీ పోదు, కూరలోనే ఉంటుంది. రుచి కొంచెం తగ్గుతుంది, నిజమే, అల్లం, వెల్లుల్లి, జీలకర్ర, కరివేపాకు, ఒక చుక్క నిమ్మరసంతో లాగిస్తున్నాం. నిమ్మరసం చుక్కలతో ఉప్పు లేని లోటు చాలావరకు తీరుతుంది, చేసి చూడండి.

ఆనిగెపుకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ, క్యాబేజీ ఇవి అమ్మకు తరచుగా వండుతున్నాం. పుంటికూర, పాలకూర, గంగవాయిలి (గంగపాయల) కూర అప్పుడప్పుడు, కొద్దిగా, ఉడికించి నీళ్లు పారబోసి. పాలకూరలో, గంగవాయిలిలో పొటాషియంతో పాటు ఆక్సలేట్లు అనే లవణాలు మస్తుగా ఉంటాయి, పచ్చిగా మిక్సీలో వేసి రసం తాగితే అవి నేరుగా కిడ్నీలో చేరి గడ్డకట్టి, బాగున్న కిడ్నీలు కూడా పాడైన కేసులు ఉన్నాయి. మా వీధి ఆయనకు నేను చెప్పింది ఇదే. ఆయనకు డయాలసిస్ మొదలైంది కాబట్టి లెక్కే వేరు. డయాలసిస్‌లో రక్తంలోని మలినాలతో పాటు ప్రోటీన్ ముక్కలు కూడా కడుక్కుపోతాయి, కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, ఆయన గుడ్డు మానేయడానికి వీల్లేదు. స్టేజీ 4 వాళ్లకు, డయాలసిస్ వాళ్లకు ఒకటే కాగితం ఇస్తున్నారు సార్, నేను రెండూ పక్కపక్కన పెట్టి చూశాను, అక్షరం తేడా లేదు.

పలకరించడానికి వచ్చే చుట్టాల సంగతి కూడా చెప్పాలి. మాది బత్తాయి జిల్లా. ఎవరి ఇంటికి పోయినా చేతిలో బత్తాయిల సంచి ఉండాల్సిందే. మా పెద్దక్క అయితే ఒకసారి నాలుగు బోండాలు, ఒక డజను అరటిపండ్లు, బత్తాయిలు అన్నీ కలిపి తెచ్చి, తన చేత్తో జ్యూస్ పిండి అమ్మ నోటికి అందించబోయింది. ప్రేమే, కాదనలేం. ఒక గ్లాసు జ్యూస్‌కు నాలుగు కాయలు కావాలి, నాలుగు కాయల పొటాషియం ఒక్క గుక్కలో పోతుంది, పీచు మాత్రం చెత్తబుట్టలో. అదే తొనలు రెండు మూడు తింటే అంత భయం లేదు. ఇప్పుడు అమ్మకు రోజుకు ఒక పండు, అరచేతిలో పట్టేంత, ఎక్కువగా జామకాయలో సగమో, ఆపిల్ ముక్కో, బొప్పాయి అయితే చిన్న ముక్క. పాలమూరు వైపు చుట్టాలు సీతాఫలాలు తెస్తారు కార్తీకంలో, అది మాత్రం రెండు చెంచాలే. స్టార్ ఫ్రూట్ అని ఈ మధ్య బండ్ల మీద కనిపిస్తోంది, కిడ్నీ రోగులకు అది అసలు విషమే, మెదడు మీద పనిచేసి ఎక్కిళ్లు, ఫిట్స్ తెప్పిస్తుంది, ప్రాణాలు పోయినవాళ్లున్నారు. దయచేసి ఆ ఒక్క మాట పెద్ద అక్షరాల్లో వేయండి.

ఆకు తినడం వేరు, ఆకు మందు తాగడం వేరు. మొక్కలు మంచివి అనగానే మా దగ్గర పసరు మందుల వాళ్ల దగ్గరికి పరిగెత్తుతారు. కొండపిండి ఆకు కషాయం తాగితే క్రియాటినిన్ దిగుతుందని మా అమ్మకు కనీసం పది మంది చెప్పి ఉంటారు. అది రాళ్లకు వాడే ఆకు, రాళ్లు వేరు, కిడ్నీలు పాడవడం వేరు. గాడిదగడపాకు లాంటి ఆకుల్లో అరిస్టోలోకిక్ యాసిడ్ ఉంటుంది, 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి అలాంటి మొక్కల మందు వాడిన ఆడవాళ్ల కిడ్నీలు వరసపెట్టి పాడయ్యాకే ప్రపంచానికి దాని సంగతి తెలిసింది. అది కిడ్నీలో క్యాన్సర్ కూడా తెస్తుంది. చెట్టు మందు కదా ఏం చేస్తుంది అనకండి.

మా జిల్లాకు ఇంకో బరువు ఉంది. ఒంట్లోకి వచ్చిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీలే. అవి చెడితే ఫ్లోరైడ్ ఒంట్లోనే నిలిచి ఎముకల్లో చేరుతుంది. మరగబెడితే అది పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పప్పు నానబెట్టి, ఎక్కువ నీళ్లలో ఉడికించి వంచండి అని చెప్పేటప్పుడు ఏ నీళ్లతో అన్నది ముఖ్యం. మా ఇంట్లో మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు విడిగా బిందెలో పట్టి పెట్టుకుంటాం, వంటకు అవే. నల్లా రాని రోజున బోరు నీళ్లతో వండే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నల్ల ఉప్పులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, మజ్జిగలో వేసుకునే అలవాటున్నవాళ్లు మానుకోవాలి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు కనిపెట్టి నల్గొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టారు. నీళ్ల కోసం 1996లో పార్లమెంటు ఎన్నికల్లో 480 మంది నిలబడిన జిల్లా ఇది, అప్పుడు బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయ్యింది. అంత పోరాడి నీళ్లు తెచ్చుకున్నవాళ్లం, ఒక తిండి పట్టిక తెలుగులో అడిగితే ఎక్కువ అడిగినట్టా?

డయాలసిస్ ఆరోగ్యశ్రీలో ఉచితంగా చేస్తున్నారు, అందుకు దండం పెడతాం. కానీ డయాలసిస్ దాకా రాకుండా ఆపేది తిండి చూసుకోవడం, బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోవడం, నొప్పి గోలీలు మానడం. దానికి మాత్రం మనిషి లేడు. జిల్లాలో డయాలసిస్ చేసే ప్రతి ఆస్పత్రిలో వారానికి ఒక్క రోజైనా డైటీషియన్ కూర్చోవాలి, కూర్చుని మీ ఇంట్లో పొద్దున ఏం వండారమ్మా అని అడగాలి. ఏం తింటున్నారో అడగకుండా ఏం తినొద్దో చెప్పే కాగితాలు ఇక చాలు.

మీ పత్రికను అడిగేది ఒకటే. మీకు డాక్టర్లు తెలుసు, డైటీషియన్లు తెలుసు. వాళ్లతో కూర్చుని ఒక పేజీ పట్టిక వేయండి. పుంటికూర, గంగవాయిలి, ఆనిగెపుకాయ, బొబ్బెర్లు, ఉలవలు, పల్లీలు, జొన్న, సజ్జ, చింతపండు, బత్తాయి, సీతాఫలం, తాటి ముంజ, కల్లు, తొక్కు, మన పేర్లతో. ఒక్కోదాని ఎదురుగా స్టేజీ 3కి ఎంత, 4కి ఎంత, డయాలసిస్ వాళ్లకు ఎంత, పొటాషియం 5 దాటితే ఎంత, షుగర్ ఉంటే ఎంత. గ్రాముల్లో కాదు, గిన్నెలో, చెంచాలో, రొట్టెల లెక్కలో. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, అరవై ఏళ్ల కళ్లకు కనపడేంత. మీరు వేసిన రోజు యాభై కాపీలు కొని, ఒకటి నా దుకాణంలో ఉప్పు ప్యాకెట్ల అర పక్కనే అతికిస్తాను, మిగతావి తండాలకు పంపిస్తాను.

అమ్మకు పోయిన నెల పరీక్ష చేయించాం. పొటాషియం 4.8, క్రియాటినిన్ అదే 2.2 దగ్గర నిలబడి ఉంది. నిన్న రాత్రి రెండు రొట్టెలు, చిక్కటి పప్పు తిని, "గింత పుంటికూర తొక్కు వెయ్యరాదు బిడ్డా" అని అడిగింది. ఉప్పు తగ్గించి, ఆకు ఉడికించి నూరినది ఒక చెంచా వేశాం.

ఇట్లు
ఒక కిరాణా వ్యాపారి
దేవరకొండ, నల్గొండ జిల్లా